ఆపిన చెయ్యి

మొన్న సూర్యాపేటలో మా కోడలు నన్ను బలవంతాన వాళ్ల చర్చికి తీసుకెళ్లింది. సిలువ శుక్రవారానికి ముందురోజు. పాదాలు కడిగే ఆరాధన అట, తప్పకుండా చూడాలట. ఫంక్షన్ హాలంత గుడి, వణికించే ఏసీ, వేదిక మీద వరసగా కుర్చీలు. కుర్రపాస్టరు కోటు విప్పి, నడుముకు తెల్ల తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కరి పాదాలూ కడుగుతుంటే కెమెరాలు ఆయన చేతుల వెంటే తిరిగాయి. కడిగించుకునేవాళ్లంతా ఇంటి దగ్గరే సబ్బుతో శుభ్రంగా కడుక్కుని వచ్చినవాళ్లే. పెద్ద తెర మీద ఆ పాదాలు కనిపించినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. కోడలు నా చెయ్యి పట్టుకుని, "ఆత్మ తాకింది కదా అత్తమ్మా" అంది. అవునన్నాను. కాదంటే చాలా చెప్పాల్సి వస్తుంది. ఆ పిల్ల మంచిదే, కానీ ఆటోలో ఇంటికి చేరేలోపు చెప్పగలిగే సంగతి కాదది. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. నాకు గుర్తొచ్చింది మా తాత.

మా తాత పాస్టరు. కోదాడ నుంచి చిలుకూరు పోయే దారిలో ఒక ఊళ్లో ఉండేవాళ్లం. మా నాన్న ఆత్మకూరు వైపు బడిలో పంతులు, అమ్మ ఆయనతో ఉండేది. నన్ను మాత్రం తాత, నాయనమ్మ దగ్గర వదిలారు. ఎందుకని అప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడగడానికి వాళ్లు లేరు. గారాబానికి లోటు లేదు కాబట్టి నాకు ఆ విషయంలో ఫిర్యాదు కూడా లేదు.

గుడి అంటే పెంకుల కొట్టం. అలికిన నేల, ఈతచాపలు, ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు, గడప బయట చెప్పులు. మా పేటలో ప్రతి ఇల్లాలూ అన్నం వండే ముందు దేవుడి పేరు మీద ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేది. ఆదివారం ఆ బియ్యం గుడ్డసంచిలో కట్టుకొచ్చి గుళ్లో గంపలో పోసేవాళ్లు. అదే మా ఇంటి తిండి. ఒకరివి దొడ్డు బియ్యం, ఒకరివి సన్నాలు, మిర్యాలగూడ మిల్లుల్లో పనిచేసేవాళ్లవి ఉప్పుడు బియ్యం. అన్నీ కలిపి వండితే సగం ముద్దయ్యేది, సగం పలుకుగా మిగిలేది. మా ఇంట్లో అన్నం ఏనాడూ ఒక్కతీరుగా ఉడకలేదు. నేను ముఖం చిట్లిస్తే తాత నవ్వి, ఈ అన్నంలో ఊరంతా ఉందే అనేవాడు. పచ్చిపులుసు ఎక్కువ పోసుకుని తినేవాళ్లం. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను గంపలో చెయ్యి పెట్టి ఉప్పుడు బియ్యమే ఏరుకుని బుక్కేదాన్ని. ఆ వాసన నాకిప్పటికీ ఇష్టం.

నెలకో ఆదివారం బల్ల ఉండేది. రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనను మావాళ్లు బల్ల అంటారు. శనివారం నాయనమ్మ కోమటివాళ్ల దుకాణం నుంచి ఎండుద్రాక్ష తెచ్చి, కొత్త కుండలో నానబోసి ఉడికించి వడకట్టేది. ఇల్లంతా తియ్యటి వాసన. వడకట్టిన పిప్పి కోసం నేనూ, పక్కింటి పిల్లలూ పొయ్యి చుట్టూ కాపలా. రొట్టె కాల్చేటప్పుడు ఒకటి మాడినా మాకే. అందుకని, రొట్టె పెనం మీద ఉన్నప్పుడు నాయనమ్మతో ఏదో ఒక తగాదా పెట్టుకునేవాళ్లం. ఆమెకు తెలుసు. తెలిసే ఒకటి మాడ్చేది.

ఆ బల్ల దగ్గర మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా తాగి భార్యను కొట్టినా, అన్నదమ్ముల మీద కేసు వేసినా, దేవుణ్ని వదిలి చెట్టుకూ పుట్టకూ మొక్కినా తాత వాళ్లకు బల్ల ఆపేవాడు. గుడిలోంచి వెళ్లగొట్టేవాడు కాదు. రావచ్చు, పాడవచ్చు. కానీ రొట్టె పంచే వేళకు లేచి, గడప దగ్గర చెప్పుల పక్కన కూర్చోవాలి. బుద్ధి తెచ్చుకున్నాక తాతే అందరి ముందూ పిలిచి తన చేత్తో రొట్టె పెట్టేవాడు. ఆపిన చెయ్యే పెట్టాలి. ఇంకో ఊరికి పోయి ఇంకో పాస్టరు చేత పెట్టించుకుంటే మావాళ్ల లెక్కలో చెల్లదు. ఇది ఎక్కడా రాసి లేదు, మావాళ్లు పెట్టుకున్నదే. తాగుబోతులు వంతులవారీగా ఆ గడప దగ్గర కూర్చుని, తర్వాత నూనె రాసుకుని తల దువ్వుకుని లోపలికి వచ్చేవాళ్లు. ఎవరూ పెద్దగా మనసులో పెట్టుకునేవాళ్లు కాదు.

అందరూ ఆయన్ను అయ్యగారనీ నాయనమ్మను అమ్మగారనీ పిలిచినా తాతకు గర్వం లేదు. ఇది ఆయన మనవరాలిగా చెప్పడం లేదు. ఎవరైనా పోతే గుంత తవ్వడానికి పారతో ముందు నడిచేది ఆయనే. మంచం వేస్తే కూర్చునేవాడు కాదు, అందరితో చాప మీదే. కాపరి అంటే గొర్రెల వెనక పేడ తొక్కేవాడే అనేవాడు. ఎవరితోనైనా మాటపట్టింపు ఉంటే కానుక అక్కడే వదిలి ముందు వాళ్లింటికి పోవాలన్న వాక్యం ఆయనకు ప్రాణం. ఎన్నిసార్లు ఆ మాట మీద ప్రసంగించాడో.

మా ఇంటి వెనక ఒకావిడ ఉండేది. చుట్టరికం లేదు, అత్తా అని పిలిచేదాన్ని. నాట్లలో, గుడిలో పాట ఎత్తేది ఆవిడే. ఆవిడ భర్త మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. వారానికోసారి ఇంటికొచ్చేవాడు, జుట్టునిండా తవుడుతో. చాలా ఏళ్లు పిల్లలు లేక, ఇక లేరనుకున్నాక వాళ్లకు ఒక కొడుకు పుట్టాడు. వాణ్ని చంకనెత్తుకుని తిరగడానికి పేటలో ఆడపిల్లలందరం కొట్టుకునేవాళ్లం. వాడు నా జడ పట్టుకుంటే వదిలేవాడు కాదు.

ఆ వానాకాలం వాడికి జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. కోదాడ దవాఖానకు తిప్పారు, సీసా మందులు పోశారు. బుగ్గలు పీక్కుపోయాయి. తాత రోజూ పొద్దున పోయి వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వచ్చేవాడు. ఒకరోజు అత్త వాడికి వాకిట్లో నీళ్లు పోస్తుంటే సంఘపెద్ద ఒకాయన చూశాడు. వాడి మొలతాడుకు తాయెత్తు ఉంది.

అది బల్ల ఆదివారం. రొట్టె పంచే ముందు తాత అత్తను నిలబెట్టి అడిగాడు. ఆవిడ పిల్లవాణ్ని భుజాన వేసుకుని లేచింది. తాయెత్తు ఎవరు కట్టారని అడిగితే పిల్లవాణ్ని ఇంకో భుజానికి మార్చుకుంది. నాయనమ్మ పక్కనే కూర్చున్న నాకు, చాప అంచు పీకుతున్న నాయనమ్మ వేళ్లు కనిపిస్తున్నాయి.

"నేనే కట్టిన అయ్యగారు."

ఇప్పుడే తెంపమన్నాడు తాత. అత్త పిల్లవాడి నడుము మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, జ్వరం పోయాక తెంపుతానంది. తాత గొంతు పెంచలేదు. "అయితే గప్పటిదాక నీకు బల్ల ఆపుతున్న బిడ్డా" అన్నాడు. ఆవిడ చాపల మధ్యలోంచి నడిచిపోయి చెప్పుల దగ్గర కూర్చుంది. ఆ తర్వాతి పాట ఎత్తడానికి మనిషి లేదు.

మళ్లీ బల్ల రాకముందే ఆ పిల్లవాడు పోయాడు.

వాన ఆగలేదు. గుంతలో నీళ్లు ఊరుతుంటే తాత చెంబుతో తోడాడు. మట్టి వేసేటప్పుడు అత్త ఏడవలేదు. తాతకు ఎదురుగా వచ్చి నిలబడి అడిగింది.

"నా పిలగాడు నా పాపానికే పోయిండా అయ్యగారు?"

అందరం ఆయన వైపే చూశాం. తాత నోరు తెరిచాడు. చేతిలోని బైబిలు మీద వాన పడుతోంది. "ప్రార్థన చేద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసి అలాగే కూర్చుండిపోయింది. తాత లోపలికి రాగానే, తాయెత్తు కట్టింది తనే అని చెప్పింది. దర్గా దగ్గరికి పోయి తెచ్చిందట. వద్దన్న అత్తను బతిమాలి, తన చేత్తోనే మొలతాడుకు కట్టిందట. తన కడుపున పుట్టిన ఇద్దర్ని మట్టిలో పెట్టిన మనిషి, మూడోసారి చూడలేకపోయింది. మరి గుడిలో అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదన్నాడు తాత.

"నువ్వు మొగుని లెక్క అడగలే. అయ్యగారి లెక్క అడిగినవ్. నాకు భయమైంది."

తాత గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. అన్నం అడుగంటిన వాసన వచ్చేదాకా ఎవరం లేవలేదు.

తెల్లవారి తాత వెనకింటికి పోతే తాళం ఉంది. భర్త ఆవిణ్ని హాలియా తీసుకుపోయాడు. అక్కడ వాళ్ల అక్క ఉంది, మిల్లు పనీ దొరుకుతుంది.

ఆ ఆదివారమే బల్ల. తాత ఎప్పటిలా ముందు కాకుండా చాపల మధ్య నిలబడ్డాడు. తప్పు తన ఇంట్లో జరిగిందనీ, ముందు తన ఇంట్లో అడగకుండా ఊరి ఆడబిడ్డను నిలబెట్టాననీ, గుంత దగ్గర ఆవిడ అడిగిన మాటకు కాదని చెప్పాల్సింది పోయి మింగేశాననీ చెప్పాడు. పిల్లవాడి జ్వరానికీ ఆ తల్లికీ ఏ సంబంధం లేదని తనకు తెలుసట. కానీ బల్ల ఆపి ఉన్నాడు కాబట్టి, కాదంటే తన మాట తానే కొట్టేసినట్టవుతుందని ఒక్క క్షణం ఆలోచించాడట. ఆ ఒక్క క్షణం దేవుడు చూశాడన్నాడు. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ క్షమించేదాకా తనకూ బల్ల లేదని చెప్పి, అందరికీ రొట్టె పంచి, తాత పోయి చెప్పుల పక్కన కూర్చున్నాడు. మగవాళ్లు కూడా వెక్కివెక్కి ఏడ్చారు.

ఇక్కడితో కథ ఆగితే ఎంత బాగుండేదో. ప్రసంగాల్లో చెప్పుకునేవాళ్లు ఇక్కడే ఆపుతారు.

ఆ సంగతి ఊరూరా పాకింది. అంత తగ్గింపు గల దైవసేవకుడు ఈ తాలూకాలోనే లేడన్నారు. తాయెత్తు చూసిన ఆ సంఘపెద్దే అందరికంటే గొప్పగా చెప్పుకునేవాడు. సూర్యాపేటలో సభలు పెట్టి తాతను పిలిచి, తగ్గింపు గురించి మాట్లాడమన్నారు. మాట్లాడాక శాలువా కప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి తాత అన్నం తినలేదు. మళ్లీ ఏ సభకూ పోలేదు. కానీ నెలనెలా గడప దగ్గర మాత్రం కూర్చుంటూనే ఉన్నాడు. చూసి జనం కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు. తర్వాత తర్వాత ఆ కన్నీళ్లు అత్త మీద కోపంగా మారాయి. ముసలాయన్ను పస్తు పెట్టిందనీ, గుండె కాదు బండ అనీ అన్నారు. హాలియా వైపు చుట్టాలున్నవాళ్లు ఆ మాటలు మోసుకుపోయి ఆవిడ వాకిట్లో దించి వచ్చారు.

నాయనమ్మ మాత్రం హాలియా పోయింది. ఎవరికీ చెప్పకుండా పోయి, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని వచ్చింది. అమ్మగారి మీద కోపం లేదందట అత్త. మెంతికూర వండి అన్నం పెట్టిందట. వచ్చేటప్పుడు బస్సు దాకా సాగనంపి, అయ్యగారిని ఒక్కసారి రమ్మనమందట. అంతే.

ఆ మాట విన్నా తాత వెంటనే బయల్దేరలేదు. దసరా సెలవుల్లో ఒకరోజు ఉతికిన ధోవతి కట్టుకుని నన్ను కూడా రమ్మన్నాడు. ఎందుకో తెలుసు కాబట్టి నేను ఎగురుకుంటూ బయల్దేరాను. మిర్యాలగూడలో బస్సు మారాలి. బస్టాండులో దిగేసరికి ఉడికిన వడ్ల వాసన ఊరంతా కమ్ముకుని ఉంది. తాత నాకు మిర్చిబజ్జీలు కొనిచ్చాడు. తను తినలేదు. హాలియా బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు కేకలేస్తున్నాడు. నేను ముందు ఎక్కేశాను. తాత మెట్టు మీద ఒక కాలు పెట్టి, చువ్వ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనకవాళ్లు తోసుకుంటున్నారు. ఎక్కితే ఎక్కు పెద్దాయనా అన్నాడు కండక్టరు. తాత కాలు దించేశాడు. నేను కూడా దిగాల్సి వచ్చింది.

బెంచీ మీద కూర్చున్నాం. బస్సు వెళ్లిపోయింది. వచ్చే బస్సుకు పోదామా తాతా అంటే ఊఁ అన్నాడు. అది కూడా వచ్చి వెళ్లిపోయింది. నాకు ఏం చేయాలో తెలియక, పోయి తప్పయిందని చెప్పు తాతా, అత్త ఏమీ అనదు అన్నాను.

తాత నా వైపు చూడలేదు.

"మంది ముంగట చెప్పుడు అల్కగనే ఉన్నది బిడ్డా. ఆమె ఒక్కదాని ముంగటికి కాళ్లు వస్తలేవు."

మధ్యాహ్నం కోదాడ బస్సెక్కి ఇంటికొచ్చేశాం. నాయనమ్మ గుమ్మంలోనే మా ముఖాలు చూసి అర్థం చేసుకుంది. మళ్లీ ఆ ప్రయాణం మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

చాలాకాలం నేను తాతకు ఆరోజు ఒంట్లో బాగాలేదనే అనుకున్నాను. ఇప్పుడు ఆయన వయసు దాటాక అనిపిస్తోంది, సంఘం ముందు ఆయన ఎంత తగ్గినా సంఘం ఆయన్ను ఎత్తుకుంది. అత్త ఎత్తుకోదు. ఆవిడ ఊరికే చూస్తుంది. ఆ చూపు ముందు ఆయన పాస్టరు కాడు, శాలువా లేదు, పొగిడేవాళ్లు లేరు. బిడ్డ పోయిన తల్లీ, జవాబు మింగిన మనిషీ, ఇద్దరే ఉంటారు. అంత మంచివాడికి కూడా అది చేతకాలేదు. ఇది రాస్తుంటే నాకు ఆయన మీద కోపం వస్తోంది. ఆ వెంటనే ఏడుపు వస్తోంది.

నేను కోదాడలో ఇంటరు చదివేటప్పుడు తాత మంచాన పడ్డాడు. కోదాడ పాస్టరు రొట్టె, రసం తెచ్చి, ఇప్పుడైనా తీసుకోమని బతిమాలాడు. తాత పెదవులు బిగించుకున్నాడు. నాయనమ్మ తడిగుడ్డతో ఆ పెదవులు తుడిచింది. వాకిలి వైపే చూస్తూ పోయాడు.

అత్త వచ్చేసరికి మట్టి వేయడం అయిపోయింది. జుట్టు నెరిసింది. మనిషి సగమైంది. పేట జనం దారి ఇచ్చారు కానీ ఎవరూ పలకరించలేదు. నాయనమ్మ ఒక్కతే లేచి వెళ్లి చేతులు పట్టుకుంది. అప్పుడు సంఘపెద్ద, పెద్దమనిషి తరహాలోనే, నీ కోసం ఇన్నేళ్లు గడప దగ్గర కూర్చున్నాడమ్మా, ఇప్పుడైనా క్షమించానని ఒక్కమాట అను అన్నాడు.

అత్త ఆయన వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. అర్థం కాని సంగతి అడుగుతున్నట్టు అడిగింది.

"సంఘానికి ఏం చేసిండయ్యా ఆయన? నాకు గదా చేసింది. మీ ముంగట అన్నిసార్లు కూసున్నడు. నా ముంగట ఒక్కసారి కూసుంటే సాలకపోవునా?"

కోదాడ పాస్టరు దగ్గరికి వచ్చి, తను రొట్టె పెడతానన్నాడు. అప్పుడు తెలిసింది మాకు, హాలియాలో ఎన్ని గుళ్లున్నా ఆవిడ కూడా ఇన్నేళ్లూ బల్ల ముట్టలేదని. అత్త తల అడ్డంగా ఊపి, ఆపింది మీరు కాదు కదయ్యా అంది.

తర్వాత అత్త నాయనమ్మ పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. నేను వాళ్ల వెనకే ఉన్నాను.

"నా పిలగాడు నా పాపానికి పోలేదని ఇంట్లనన్న అన్నడా అమ్మగారు, ఎన్నడన్న?"

"అన్నడు బిడ్డా. రోజూ అన్నడు" అంది నాయనమ్మ.

గుడిలో అన్న ఆ ఒక్కసారి తప్ప, ఆ ఇంట్లో పెరిగిన నేను మళ్లీ ఎన్నడూ వినలేదు. నాయనమ్మ అబద్ధం చెప్పిందో, నేను నిద్రపోయాక వాళ్లిద్దరూ అనుకునేవాళ్లో తెలియదు. అత్త నాయనమ్మ ముఖంలోకి చాలాసేపు చూసింది. నమ్మాలని ఎంత ప్రయత్నించిందో కనిపిస్తూనే ఉంది. చివరికి కొంగు సర్దుకుని లేచింది.

"నాకు చెప్తే అయిపోతుండె అమ్మగారు" అంది.

సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. మళ్లీ మా ఊరు రాలేదు. చనిపోయేదాకా ఏ గుళ్లోనూ రొట్టె ముట్టలేదని తర్వాత విన్నాను. ఇప్పుడా పేటే లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు సగం పోయింది, మిగిలిన సగంలో ఎవరెవరో కొత్తవాళ్లు. పిడికెడు బియ్యం తీసేవాళ్లు లేరు, బల్ల ఆపేవాళ్లూ లేరు. ఆ పద్ధతి పోయినందుకు నాకేమీ బాధ లేదు. మా తాత లాంటి మనిషిని మాత్రం నేను మళ్లీ చూడలేదు, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. కానీ ఆయన్ను తలుచుకుంటే నాకు ముందుగా కనిపించేది ఆయన కాదు. వానలో నిలబడ్డ ఆ తల్లి. ఆవిడ అడిగింది ఒక్క మాట. కాదు బిడ్డా అని చెప్పగలిగిన మనిషి ఆవిడకు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన చెప్పకుండానే వెళ్లిపోయాడు.